జనాభా సున్నా, భాష తెలుగు

నవంబర్ 10, సోమవారం

ఉదయం పదకొండుంపావుకి చూశాను. కొర్రగరువు. ఇళ్లు పదకొండు, శిథిలం. జనాభా సున్నా. మాతృభాష తెలుగు.

సున్నా మంది తెలుగు మాట్లాడుతున్నారు. టైపు చేసినవాడికి అనుమానం రాలేదు. సంతకం పెట్టినవాడికీ రాలేదు.

కొండ మీద క్వారీ లీజు కోసం ఇక్కడి రెవెన్యూ ఆఫీసు పైకి పంపిన సర్వే నివేదిక అది. మనుషులు లేని కొండకి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. నాలుగు పేజీలు, వెనక జతపరిచినది ఒకటి. ఆ ఒకటి మా పేపరు కటింగు. పన్నెండేళ్ల నాటిది. శీర్షిక — తీగ కట్టిన తలుపులు. కింద నా పేరు.

గుమాస్తా జెరాక్సు ఇస్తూ: "మీదేనా మేడం? బాగా రాసేరు. సదువుతుంటే ఏడుపొచ్చింది."

సాయంత్రం. కటింగు ముందు పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిది పేరాలు. విశేషణాలు కొట్టేస్తే మిగిలినవి రెండు సంగతులు: ఇళ్లు పదకొండు, ప్రతి తలుపుకీ అడ్డంగా కట్టిన అడ్డాకు తీగ. మిగతాదంతా నేను అనుకున్నది. ఆఖరి వాక్యం — "ఇక్కడి చివరి మనిషితో పాటే ఇక్కడి భాషా కొండ దిగి వెళ్లిపోయింది." ఏ మనిషి? ఆ రోజు ఒక్కరితోనూ మాట్లాడలేదు. గంటసేపు ఉన్నాను, ఫొటోలు తీసుకుని దిగిపోయాను. ఆ ఏడాది దానికే షీల్డు. ఇప్పటికీ అల్మరాలో ఉంది.

ఇంకొకటి కూడా రాయాలి. మూడేళ్ల కిందట చీడికాడ సంతలో చింతపండు అమ్మేవాణ్ణి ఏ ఊరని అడిగితే కొర్రగరువు అన్నాడు. విన్నాను. చింతపండు తెచ్చుకున్నాను. సవరణ రాయలేదు.


నవంబర్ 11

నివేదిక మీద సంతకం సూరిబాబుది. సర్వే విభాగం. ఎర్రగా, పొట్టిగా ఉంటాడు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఫోన్ చేశాను.

"కొర్రగరువు మీరు చూశారా?"

"సూసేం మేడం. తలుపులకి తీగలు, లోపల బూజు. మీరు రాసిందే కదా. మేం కొత్తగా ఏటీ రాయలేదు."

నవ్వాడు. పొట్టి నవ్వు. ముప్పై ఏళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను, తప్పు దొరికినవాళ్లు చాలామంది నామీద అరిచారు, కొందరు కాళ్లు పట్టుకున్నారు. నా వాక్యాన్నే నాకు అప్పజెప్పి నవ్వినవాడు ఇతనొక్కడే.

ఇతన్ని కుర్చీలోంచి దించుతాను. తేదీ వేసి రాసుకుంటున్నాను.


నవంబర్ 12

సవరణ రాసి పంపాను. ఆరు లైన్లు. డెస్కులో మూర్తి: "పన్నెండేళ్ల కిందటిదానికి సవరణేటక్కా? అది సదివినోళ్లు ఉన్నారో పోయేరో."

సవరణ వేయకుండా ఆపేశాడు.


నవంబర్ 14, శుక్రవారం

కె.కోటపాడులో బస్సు మారి చీడికాడ. అక్కణ్నుంచి ఆటో, ఆటో ఆగిన చోటు నుంచి రెండు గంటల నడక. మోకాలు ఇప్పుడు ఒప్పుకోవడం లేదు.

ఊరు అప్పట్లాగే ఉంది. పదకొండు తలుపులు, పదకొండు తీగలు. కోడి లేదు, పొగ లేదు. అప్పుడు ఇక్కడే ఆగి నోటుబుక్కు తీశాను. ఈసారి తీయలేదు. ఇళ్ల వెనక నుంచి పైకి దారి ఉంది — అప్పుడూ ఉండే ఉంటుంది — అది పట్టుకున్నాను. అరగంట ఎక్కేసరికి మాటలు వినిపించాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాని మాటలు. ఎవరో పెద్దగా నవ్వారు.

పోడు వాలు మీద పాకలు. మంచెలు. ఊరంతా అక్కడే ఉంది — ముసలివాళ్లు, పసివాళ్లు, గంపల కింద కోళ్లు.

కొడవలి పట్టుకున్న ముసలామె నన్ను తేరిపార చూసింది. "ఏటమ్మీ, ఎవులి కోసం?"

ఊళ్లో ఎవరూ కనపడలేదని అన్నాను.

"ఊళ్లో ఎలగుంటారు? సోళ్లు కోత కాదేటి. మేం ఇంటికాడ కూకుంటే పందుల్ని నీ బాబు కాత్తాడా?"

గంగులమ్మ. ఆ ఊరికి పెద్ద. సోళ్లు అంటే రాగులు. పంట పాలుపోసుకున్న దగ్గర్నుంచి కళ్లం అయ్యేదాకా ఊరు మొత్తం పైకి వచ్చేస్తుందట. ఏటా నెలన్నర. వచ్చేముందు ఎవరి తలుపుకి వాళ్లు తీగ కడతారు.

"తాళం బదులా?" అడిగాను.

"తాళం దొంగోడికి. తీగ మా ఇంటోళ్లకి." అంటే పెద్దలకి, చచ్చిపోయినవాళ్లకి. ఇంట్లోనే ఉండండి, మళ్లీ వస్తాం అని చెప్పడం. "వొదిలేసి పోయే ఇంటికి తీగెందుకమ్మీ? ఊరికే పోతారు గానీ."

ఈ ఒక్క ముక్క పన్నెండేళ్ల కిందట అడిగి ఉంటే సరిపోయేది.

నేనెవరో, నివేదికలో సున్నా సంగతీ, దానికి జతచేసిన నా కటింగు సంగతీ చెప్పాను. కటింగు చదివి వినిపించమంది. చదివాను, తొమ్మిది పేరాలూ. చుట్టూ చేరారు. "నిశ్శబ్దం కాపురముంటున్న ఊరు" దగ్గర ఒకతను పగలబడి నవ్వాడు. లచ్చన్న, నలభై ఉంటాయి, కింద క్రషర్లలో పని చేసి వచ్చినవాడు.

"అప్పా, ఆ సున్నాలో నన్ను కూడా యేసీసేరా?"

అప్ప అంటే ఇక్కడ అక్క. వేశారన్నాను.

"మరి నా కార్డు మీద నెలనెలా బియ్యం తింతన్నోడు ఎవుడు?"

గంగులమ్మ నవ్వలేదు. వాళ్ల మాటలో ఏదో అంది, చాలాసేపు, నన్నే చూస్తూ. ఏమందని లచ్చన్నని అడిగాను. "పేపర్లో ఎయ్యడానికి బాగోదప్పా" అన్నాడు.

తర్వాత లెక్క పెట్టాను. ఒక్కో పాక దగ్గర నిలబడి, ఒక్కో పేరూ అడిగి. నలభై మూడు మంది. ఇంట్లో ఏం మాట్లాడతారని ప్రతి మనిషినీ అడిగాను. కుబి, వాళ్ల కొండ భాష. అందరూ. మూడేళ్ల పిల్ల దగ్గర్నుంచి. తెలుగు సంతకీ, ఆసుపత్రికీ, పోలీసుకీ.

ఒక్కొక్కరికి రెండు పేర్లు. కాగితం పేరు, కొండ పేరు. కొండ పేరు పుట్టిన మూడో రోజున ఇంటి పెద్దామె పెడుతుంది. బయటివాళ్లకి చెప్పరు, రాయనివ్వరు. రాయలేదు.

దిగబోతుంటే గంగులమ్మ అడిగింది. "సున్నా ఎవులు యేసేరు?"

"సర్వే ఆఫీసులో సూరిబాబు అని—"

ఆమె చేతిలో కొడవలి కింద పెట్టింది. లచ్చన్న అటు తిరిగాడు.

"ఎర్రగుంటాడు. పొట్టోడు."

"అవును."

"మా అక్క కొడుకు. ఈ సివర్నించి మూడో ఇల్లు."


నవంబర్ 15

నేను పొరబడ్డాను. అతను పొరబడే వీలు లేదు.

ఏడేళ్ల వయసులో హాస్టలుకి దింపారట. అప్పటిదాకా ప్రతి కోతకీ ఆ తలుపుకి తీగ కట్టినవాడు. దాని అర్థం తెలిసి, కింద నిలబడి, పైకి చూడకుండా సున్నా వేశాడు. పైన పిన్ని సోళ్లు కోస్తోంది.

నాలుగేళ్ల కిందట తల్లి పోతే కబురంపారు. వచ్చాడు, కొండ కింద దాకా. బూట్లు విప్పకుండా రోడ్డు మీదే నిలబడి, సాయంత్రానికి వెళ్లిపోయాడు. ఆఫీసులో కె.కోటపాడు మాది అని చెప్పుకుంటాడు. ఉద్యోగం మాత్రం కొండ కులం సర్టిఫికెట్ మీద వచ్చింది. ఇవాళ ఆ కాగితం నకలు చూశాను. పుట్టిన ఊరు గడిలో కొర్రగరువు.

ఇన్నేళ్లలో ఒక మనిషి మీద ఇంత శుభ్రమైన వార్త నా చేతికి రాలేదు. ఒక్క విశేషణం అక్కర్లేదు.

శీర్షిక కూడా పెట్టేశాను. అన్నం రుచిగా ఉంది ఇవాళ.


నవంబర్ 17

లీజు మీద అభ్యంతరాల విచారణ నోటీసు గోడకి అంటించారు. డిసెంబర్ 1, సోమవారం, ఉదయం పదకొండు. ఆఫీసు హాలు. అభ్యంతరం ఉన్నవారు స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చు, చెప్పినది చెప్పినట్టు నమోదు చేస్తారు. ఎవరూ రాకపోతే అదే రోజు ముగిస్తారు.

నోటీసు ఒకటే ప్రతి, ఒకటే గోడ. జనాభా సున్నా కదా, కొండకి పంపలేదు.

లచ్చన్నకి ఫోన్ చేసి చదివి వినిపించాను. సిగ్నల్ కోసం రాతిబండ ఎక్కి నిలబడ్డాడట. రెండుసార్లు చదవమన్నాడు. "సెప్పింది సెప్పినట్టు" దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు.


నవంబర్ 19, బుధవారం

సూరిబాబే వచ్చాడు. బెల్లం మార్కెట్ ఎదురుగా టీ కొట్టు. నేను కొండెక్కానని ఎవరు చెప్పారో. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు.

"మేడం, మీకూ నాకూ ఏటి గొడవ?"

మీ ఊరు ఏదని అడిగాను.

టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. బెల్లం బండి వెనక్కి వస్తోంది, హమాలీలు కేకలు. 

"తెలిసిపోయిందేటి" అన్నాడు. తర్వాత — "ఏటుంది మేడం అక్కడ? కరెంటు లేదు, రోడ్డు లేదు. క్వారీ వత్తే రోడ్డయినా వత్తాది. ఆళ్లని కిందకి దింపీడమే నాను సేసిన మంచి."

నేను. ఫోన్లో మేం అన్నాడు. నోట్ చేసుకున్నాను.

"మరి భాష గడిలో తెలుగు అని ఎందుకు?"

"హాస్టల్లో మా మాట మాటాడితే ఎండలో నిలబెట్టేవోరు. మర్చిపోయేను. మర్చిపోయినదాన్ని ఎలగ రాయడం?"

కూతురు పదో తరగతి, తుమ్మపాల నుంచి రోజూ బస్సులో బడికి వస్తుందట. ఆ పిల్లకి ఇదేమీ తెలీదట. "పేపర్లో వత్తే ఆ గుంట బస్సెక్కలేదు మేడం."

టీ చల్లారింది. నేను తాగలేదు. అతని మాట నిజమే అయి ఉంటుంది. ఎండలో నిలబెట్టడం నిజమే అయి ఉంటుంది. ఆ ఎండకి నలభై మూడు మంది బదులు చెప్పాలా?

లేచేటప్పుడు అన్నాడు, మెల్లగా. "మీరు తప్పు రాత్తే షీల్డిచ్చేరు. నాను మీ తప్పుని కాపీ సేత్తే ఉజ్జోగం తీసేత్తారా?"


నవంబర్ 20

ఆ చివరి మాటకి బదులు మూడుసార్లు రాసి కొట్టేశాను. కొట్టేసినందుకు అతని మీదే కోపం.


నవంబర్ 22, శనివారం

రాసిన వార్త పట్టుకుని మళ్లీ కొండెక్కాను. సూరిబాబు పేరు, పుట్టిన ఊరు, సర్టిఫికెట్, తల్లి చావు — అన్నీ వరసగా. మా పేపరు వేయకపోతే వేసేవాళ్లు ఉన్నారు. గంగులమ్మకి చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను, దాచడం ఎందుకు.

చేటలో సోళ్లు చెరుగుతూ వింది. అయ్యాక, "ఆడి పేరు రాయొద్దు" అంది.

"మీవాడని జాలా?"

"జాలేటి. అక్క సవం కాడికి రానోడి మీద జాలేటి నాకు." చేట దులిపింది. "నువ్వు రాత్తే ఆడు నీకు బయపడతాడు. మాకు బయపడాల."

ఊరు ముందే మాట్లాడుకుంది. లచ్చన్న చెప్పాడు. డిసెంబర్ 1న నలభై మూడు మందీ దిగుతారు. హాల్లో ఒక్కరూ తెలుగు మాట్లాడరు. పేరు అడిగినా సరే, మంచినీళ్లు కావాలా అన్నా సరే. చెప్పినది చెప్పినట్టు నమోదు చెయ్యాలని వాళ్ల నోటీసే అంటోంది. అర్థం చెప్పేవాడు కావాలి. ఆ హాల్లో కుబి తెలిసిన ఆఫీసరు ఒక్కడే ఉంటాడు.

"ఆ రోజుకి తెలుగు కొండ మీదే ఒదిలేసి వత్తామప్పా" అన్నాడు లచ్చన్న. ఆడవాళ్లు నవ్వారు. ఒకామె నన్ను చూపించి వాళ్ల మాటలో ఏదో అంది, ఇంకా నవ్వారు.

"అతను అర్థం తెలీదని అంటే?" అడిగాను.

గంగులమ్మ: "ఆడికి కొండ పేరు ఎట్టింది మాయమ్మ. నాను పక్కనే ఉన్నాను. ఆ పేరెట్టి పిలుత్తాను. తల తిప్పకుండా ఉండమను సూద్దాం."

నేను ఎదురుగా కూర్చున్నాను. ముప్పై ఏళ్లలో నేను వేసిన ఎత్తులేవీ దీని ముందు నిలవవు.

అప్పుడు నావైపు తిరిగింది. "నువ్వూ రావాల."

వస్తానన్నాను. విలేకరిని కదా.

"రాసుకోడానికి కాదమ్మీ. ముందు నువ్వు లెగిసి నీ కాయితం సదవాల, అందరి ముందూ. మొన్న మాకు సదివినట్టే. ఎక్కడెక్కడ అబద్దమో అక్కడ ఆగి అబద్దం అని సెప్పాల. ఆ తరవాత మా పని మేం సేసుకుంటాం."

"అది అబద్ధం కాదు. పొరపాటు."

"పై నించి మేం నిన్ను సూసేం ఆ రోజు" అంది. "మెళ్లో డబ్బా ఏలాడేసుకుని ఇంటింటికీ తిరిగేవు. లచ్చన్న కేకేసేడు. నువ్వు తలెత్తలేదు."

లచ్చన్న తను కేకేసిన చోటు చూపించాడు.

అయితే ఆ ఎత్తు నా మీద కూడా. సూరిబాబుకి ఏది పడుతుందో నాకూ అదే. దిగుతున్నంతసేపూ ఆ ముసలిదాని మీద కోపంగా ఉంది. కింద ఆటో ఎక్కాక తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.


నవంబర్ 24

మూర్తికి చెప్పాను. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అక్కా, నువ్వు అక్కడ నిలబడి మన పేపరు వార్త అబద్దం అని రికార్డు మీద సెప్పేవనుకో, మర్నాడు నీకు ఇక్కడ సీటుండదు. పైవాళ్లు ఒప్పుకోరు. రెండేళ్లలో ఎలాగూ రిటైరవుతున్నావు. రెండేళ్లు ఆగలేవేటి?"

క్వారీ ఆగదు.

"పోనీ జ్వరం వచ్చిందని సెప్పెయ్."

సూరిబాబు కూడా ఇదే అనుకుని ఉంటాడు.


నవంబర్ 26

పాత హార్డ్ డిస్కులో అసలు ఫొటోలు దొరికాయి. పేపర్లో నలుపు తెలుపులో వేశాం, పాడుబడిన ఊరు కదా, అలా బాగుంటుందని నేనే అడిగాను. అసలువి రంగువి.

తీగ పచ్చగా ఉంది. ఆకు వాడలేదు. మూడో ఇంటి గుమ్మం ముందు ఊడ్చిన చీపురు గీతలు.

ఇవి నేను తీసిన ఫొటోలే. ప్రింటు వేయించాను, పెద్ద సైజులో. పదకొండు తలుపులూ.

ఆఫీసుకి పట్టుకెళ్లి, నివేదిక ఆఫీసు ప్రతిలో సూరిబాబు వేసిన రంగు ఫొటోలతో పక్కపక్కన పెట్టి చూశాను. వాటిలోనూ ఆకు పచ్చగానే ఉంది. అతని చూపుడువేలు ఒకదాని మూలన పడింది.


నవంబర్ 27

షీల్డు అల్మరాలోంచి తీశాను. ఎక్కడ పెట్టాలో తెలియక వంటింటి గట్టు మీద పెట్టాను.


నవంబర్ 28, శుక్రవారం

సూరిబాబు సోమవారానికి సెలవు పెట్టుకున్నాడు. ఇవ్వలేదు. నివేదిక మీద సంతకం చేసినవాడు హాజరు కావాలి. గుమాస్తా ఫోన్ చేసి చెప్పాడు: "ముకం సూడాలి మేడం, గోడకి సున్నమేసినట్టుంది."

సంతోషించాను. దాన్ని ఇంకో పేరుతో పిలవను.

నాలుగు గంటలకి సూరిబాబే ఫోన్. వెనక బస్సుల హారన్లు.

"పిన్ని వత్తాదా?"

వస్తుందన్నాను.

"కొండ దిగగలదేటి? మోకాళ్లు..."

ఆగిపోయాడు. గంగులమ్మ మోకాళ్లు ఒప్పుకోవడం లేదని నేను అతనికి చెప్పలేదు. ఎవరు చెప్పారో అడగాలనిపించింది, అడగలేదు. పెట్టేశాడు.


నవంబర్ 29

ఆ ఫోన్ రాకుండా ఉంటే బాగుండేది. వార్త తేలిగ్గా ఉండేది.

అయినా నాకు అతను తల తిప్పడం చూడాలని ఉంది. ముందే రాసి పెడుతున్నాను, తర్వాత న్యాయం కోసమే వెళ్లానని చెప్పుకోకుండా. ఆమె పిలుస్తుంది, అతని మెడ దానంతటది తిరుగుతుంది, అందరూ చూస్తారు. నేను లోపల ఆ దృశ్యం పదిసార్లు చూసుకున్నాను. పదిసార్లూ బాగుంది.

పదకొండోసారి, ఆ తిరిగిన తల నావైపు చూసింది.


నవంబర్ 30, ఆదివారం

లచ్చన్న ఫోన్. కోత ఇంకా నాలుగు మడులు ఉందట. రేపు ఒక్కరోజు పందులకి వదిలేస్తున్నారు. తెల్లారకముందే బయల్దేరతారు. గంగులమ్మని రోడ్డు దాకా డోలీలో మోస్తారు, అక్కణ్నుంచి నాలుగు జీపులు.

"పాకలకి కూడా తీగ కట్టీసి వత్తన్నామప్పా. నువ్వు రాసుకో."

రాసుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం కటింగుని పెద్ద అక్షరాల్లో టైపు కొట్టించాను, కళ్లద్దాలు లేకుండా చదవడానికి. అబద్ధం ఉన్న చోటల్లా మార్జిన్లో గీత పెట్టాను. ఇరవై రెండు గీతలు. మూర్తి నుంచి మూడు మిస్డ్ కాల్స్. సంచిలో: నివేదిక నకలు, ఫొటోలు పదకొండు, నలభై మూడు కాగితం పేర్లు. సూరిబాబు మీద రాసిన వార్త కూడా మడిచి లోపలి జేబులో పెట్టాను. తీసేద్దామని రెండుసార్లు చెయ్యి పెట్టాను. అక్కడే ఉంది.

హాలు చూసి వచ్చాను. అధికారి కుర్చీ మధ్యలో. ఎడమపక్క సూరిబాబుది, పేరు చీటీ అప్పుడే అంటించారు. అభ్యంతరం చెప్పేవాళ్లు నిలబడే చోటు దానికి సరిగ్గా ఎదురుగా, నాలుగడుగుల దూరంలో.

రేపు ఉదయం పదకొండు గంటలు. వరసలో మొదటి పేరు నాది. తొమ్మిది పేరాలు. రెండోది గంగులమ్మ.